కోటు జేబులో సుద్దముక్క

టీచరమ్మ కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. సూదక్క వెనక నుంచి ఆమె రెండు భుజాల మీదా అరచేతులు ఆనించి, మెడ దగ్గర ముడతను కిందికి నిమిరింది. ముదురు నీలం రంగు మగవాళ్ళ కోటు. తెచ్చిన రోజున టీచరమ్మ వేసుకుంటే చిన్నపిల్ల పెద్దవాళ్ళ దుప్పటి కప్పుకున్నట్టుంది. ఇప్పుడు కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చుంది. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి.

"చెయ్యెత్తండమ్మా. పట్టేస్తోందా?"

"లేదు."

"బోర్డు మీద రాస్తున్నట్టు ముందుకు చాపండి."

టీచరమ్మ చెయ్యి చాపి, గాలిలో ఒక గీత గీసి, దించేసింది.

సూది పెదవుల మధ్య పట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడగలదు కాబట్టి వీధిలో అందరూ ఆమెను సూదక్క అంటారు. అదే గదిలో రెండో బల్ల దగ్గర ఆమె భర్త బట్టలు ఇస్త్రీ చేస్తాడు. వీధి ఆయనకు వేరే పేరు పెట్టలేదు. 'సూదక్కాయన' అంటే సరిపోయింది. దానిమీద ఆయనకు కొంచెం కోపం ఉంది.

కోటు వేసుకున్న మనిషి ఎవరైనా చేసే పనే టీచరమ్మ కూడా చేసింది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది. కుడిచేతికి చిన్న అట్టముక్క తగిలింది. బయటికి తీసింది.

సూదక్క సంతోషంగా ఆమె ముఖం వైపు చూసింది. అది బైబిలు వాక్యం అచ్చేసిన కార్డు. చర్చి సంఘం ఇచ్చిన కార్డులను వీధిలో పంచితే చాలామంది మలుపు తిరిగే లోపలే పారేస్తారు. బాగుచేసిన బట్టల జేబుల్లో పెడితే మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు చేతికి తగులుతుంది, అప్పుడు చదువుతారు అన్న ఆలోచన సూదక్కదే. పాస్టరు గారు దానికి 'జేబుల సేవ' అని పేరు కూడా పెట్టారు. కానీ కార్డు దొరికినప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆమె ఇంతవరకూ చూడలేదు. ఇదే మొదటిసారి.

టీచరమ్మ కార్డు చదవలేదు. దాన్ని ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేతిని మళ్ళీ జేబు అడుగుదాకా పోనిచ్చింది. మూలల్లో వేళ్ళు కదిపింది. తర్వాత ఎడమ జేబు. తర్వాత మళ్ళీ కుడి జేబు.

"ఇందులో ఒక సుద్దముక్క ఉండాలి."

"ఏంటమ్మా?"

"సుద్దముక్క. చిన్నది, ఇంత." బొటనవేలి మీది కణుపు చూపించింది. "ఆయన పెట్టుకున్నది."

సూదక్కకు వెంటనే గుర్తొచ్చింది. ఏ బట్ట చేతికొచ్చినా ముందు జేబులు తిరగేసి దులపడం ఈ పనిలో మొదటి మెట్టు. జేబులో మర్చిపోయిన పిన్నీసో, పుల్లో మిషను సూదిని విరిచేస్తుంది. నాణేలు, తాళంచెవులు లాంటివి దొరికితే రేకుడబ్బాలో వేసి బట్టతోపాటు తిరిగిస్తుంది. కోటు జేబు తిరగేసిన పొద్దున ఆమె టైలరు సుద్ద కిందపడి కాలికింద నలిగి నుసైపోయింది. ఇంతలో జేబులోంచి ఈ తెల్లముక్క బల్లమీద దొర్లింది. నీలం గుడ్డమీద గీత ఎంత చక్కగా పడిందో! సమయానికి దొరికిందని ఆమె స్తోత్రం కూడా చెప్పుకుంది. కోటుకు గుర్తులు పెట్టింది, తర్వాత ఇంకెవరిదో లంగాకు పెట్టింది, ఆ తర్వాత ముక్క వేళ్ళకు అందనంత అరిగిపోయింది. మిగిలిన నలుసు చీపురుతో పోయి ఉంటుంది.

"ఇక్కడే ఎక్కడో ఉంటుందమ్మా. వెతికి పెడతా," అంది.

అది అబద్ధమని మాట బయటికొచ్చాకే ఆమెకు తెలిసింది.

టీచరమ్మ అప్పుడు కార్డు చదివింది. ఏడ్చేవాళ్ళకు ఓదార్పు దొరుకుతుందని అందులో ఉంది. రెండోసారి కూడా చదివి, బల్లమీద కత్తెర పక్కన మెల్లగా పెట్టింది.

"మంచి మాటే," అంది. "ఇది పెట్టడానికి అది తీశారా?"

కోపం లేదు ఆ గొంతులో. లెక్క ఎక్కడ తప్పావో చూపించమని పిల్లవాడిని అడిగినట్టు అడిగింది. టీచరమ్మ కోటు విప్పి, చేతులు లోపలికి మడిచి, స్టూలు మీద పెట్టింది. "దొరికితే కబురు చేయండి," అని మెట్లు దిగి వెళ్ళింది.

ఇస్త్రీపెట్టె నిలబెట్టి సూదక్కాయన అడిగాడు. "ఏం పోయిందట?"

"సుద్దముక్క."

"బంగారందా?"

"వాళ్ళాయనది. ఈ మధ్య పోయాడే, ఆయనది."

ఆయన ఇస్త్రీబల్ల వదిలి వచ్చాడు. బల్లకింద నుంచి కత్తిరింపు ముక్కల సంచి బయటికి లాగి, దుప్పటి పరిచి, దానిమీద గుమ్మరించాడు. ఇద్దరూ కూర్చుని ఏరారు. దారాలు, బొత్తాలు, లైనింగు పీలికలు. దొరకదని సూదక్కకు తెలుసు. అయినా ప్రతి పీలికా విదిలించి చూసింది.

"గడ్డివాములో సూదిని వెతకడం విన్నా గానీ, సూదక్కే వెతకడం ఇదే చూడటం," అన్నాడాయన.

"మీ నోటికి తాళం వెయ్యండి కాసేపు."

"నామీద అరిస్తే దొరుకుతుందా? చూడు, కొట్లో పెట్టెలకు పెట్టెలున్నాయి. ఒకటి విరిచి జేబులో పడేసి ఇచ్చెయ్. సుద్దమీద ఎవరి పేరూ రాసుండదు. ఆవిడ మనసూ కుదుటపడుతుంది, నీ మనసూ కుదుటపడుతుంది."

సూదక్క ముక్కలు సంచిలోకి ఎత్తింది.

మర్నాడు పాస్టరు గారు వచ్చారు. సైకిలు గుమ్మానికి ఆనించి, "వందనాలు అక్కా," అంటూ లోపలికొచ్చి కొత్త కార్డుల కట్ట బల్లమీద పెట్టారు. "ఈ ఆదివారం చర్చిలో సాక్ష్యం మీదే. జేబుల సేవ గురించి అందరికీ చెప్పాలి. వినేవాళ్ళకు ధైర్యం వస్తుంది."

"నాకు మాట్లాడటం రాదయ్యగారూ."

"మీకా? సూది నోట్లో పెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడతారు!" ఆయన నవ్వారు. కత్తెర పక్కనున్న ఒంటరి కార్డు ఆయన కంటపడింది. "ఇదొక్కటీ మిగిలిందా?"

"తిరిగొచ్చింది."

"ఒకటి తిరిగొస్తేనేం, తిరిగిరానివి ఎన్నున్నాయో ఆలోచించండి."

ఆయన వెళ్ళాక సూదక్క అదే ఆలోచించింది. తిరిగిరాని ఆ జేబుల్లోంచి తను ఏమేం దులిపేసిందో ఆమెకు గుర్తులేదు.

మధ్యాహ్నం కొట్టుకు వెళ్ళి సుద్ద తెచ్చింది. విరిచింది. విరిగిన అంచు మరీ కొత్తగా ఉందని గచ్చుమీద రాసి గుండ్రం చేసింది. జేబు అడుగున ఉండే నూగు కాస్త అంటేలా పాత గుడ్డలో దొర్లించింది. చెయ్యి తిరిగిన పనిమంతురాలు. అయ్యేసరికి అది అచ్చం ఆ ముక్కే. కోటు కుడి జేబులో వేసి, మిషను ముందు కూర్చుని, ఎవరిదో బడి చొక్కాను సూది కింద పెట్టింది.

చక్రం తిరగడం మొదలైతే ప్రార్థన కూడా మొదలవడం ఆమెకు అలవాటు. ఈ బట్ట వేసుకునేవారిని దీవించు, వారికి నీ వెలుగు చూపించు. ఏ బట్టకైనా అదే. ఇవాళ కుట్టు పోతోంది గానీ మాట రావడంలేదు. కోటు కుట్టేటప్పుడు ఏమన్నానా అని ఆమె తలచుకుంది. అప్పుడూ అదే. ఒక ఆడమనిషి కోసం మగవాడి భుజాలు తగ్గిస్తున్నామని చేతులకు తెలుసు. ప్రార్థనకు మాత్రం తెలియలేదు.

ఆమె లేచి వెళ్ళి జేబులోంచి సుద్దముక్క తీసేసింది.

"ఏవండీ, అలా టీచరమ్మ ఇంటికి వెళ్ళొస్తా."

"పెట్టావా?"

"పెట్టి తీసేశా."

"మరి ఏమిస్తావు?"

"జరిగింది చెబుతా."

"తిడితే?"

"పడతా. మీ దగ్గర పడటం అలవాటేగా."

"ఎవరు ఎవర్ని తిడతారో ఈ గోడల్ని అడుగు," అని ఆయన కోటు అందుకుని, ముడత పడకుండా చేతిమీద వేసి ఇచ్చాడు. "కార్డులు తీసుకెళ్ళవూ?"

సూదక్క కట్టవైపు చూసింది. "వద్దు," అంది.

టీచరమ్మది మేడమీద గది. బల్లమీద దిద్దని పరీక్ష పేపర్లు, వాటిమీద ఎర్రపెన్ను. రెండు కుర్చీలున్నాయి. ఒకదానిమీద మడతపెట్టని తువ్వాలు వేలాడుతోంది. సూదక్క కోటును మంచం మీద పెట్టి, ఆ కుర్చీ జోలికి వెళ్ళకుండా నిలబడే చెప్పింది.

"సుద్దముక్క దొరకదమ్మా. అది పోలేదు. నేనే వాడేశాను. నా టైలరు సుద్ద నుసైపోతే, ఇది ఊరికే జేబులో పడుందనుకుని గుర్తులు పెట్టడానికి వాడి అరగదీశా. వెతికి పెడతానన్నప్పుడే నాకు తెలుసు, దొరకదని. ఇంకొకటి విరిచి పెట్టిద్దామని కూడా చూశా."

"ఎందుకు పెట్టలేదు?"

"పెట్టాక మీకోసం ప్రార్థించబోతే నోరు పెగల్లేదమ్మా."

టీచరమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కింద ఎవరో బకెట్టు ఈడ్చుకెళ్తున్న చప్పుడు. దుఃఖంలో ఉన్న ఇళ్ళలో చెప్పే మాటలన్నీ సూదక్క నోటిదాకా వచ్చాయి. అన్నీ ఆమె నమ్మినవే, అన్నీ నిజమైనవే. వాటిని సూదిని పట్టుకున్నట్టు పెదవుల మధ్య పట్టుకుని ఊరుకుంది. అలా ఊరుకోవడం ఇంత కష్టమని ఆమెకు ఇంతవరకూ తెలియదు.

"కూర్చోండి," అంది టీచరమ్మ, తన కుర్చీ చూపించి. తను మంచం అంచున కూర్చుంది. తనే మొదలుపెట్టింది. "ఆయనా టీచరే. కొత్త సుద్దని విరవకుండా రాసేవారు కాదు. పొడుగుది కీచుమంటుంది కదా. ఆయన క్లాసులో ఒక పిల్ల ఉండేది, ఆ చప్పుడు వింటే చెవులు మూసుకుని బల్లకింద దూరేది. ఆ పిల్ల పెద్దదై బడి వదిలి వెళ్ళిపోయింది. అయినా ఈయన విరవడం మానలేదు. విరిగింది అరవదు అనేవారు. మిగిలిన ముక్కలన్నీ జేబుల్లోనే. ఉతికే రోజున నాకు ఎప్పుడూ ఉండే గొడవే అది. మీకు జేబులు బడి అలమరా అనుకున్నారా అని సాధించేదాన్ని."

ఆమె నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"ఆ కోటు ఆఖరిసారి ఆయనే విప్పి తగిలించారు. అందుకే జేబు ముట్టుకోలేదు. మీకిచ్చేటప్పుడే చెప్పాల్సింది. చెబితే మీ షాపులో ఏడ్చేస్తానని చెప్పలేదు."

సూదక్క తల ఊపింది.

"దేనిమీద గీశారు?" ఉన్నట్టుండి అడిగింది టీచరమ్మ.

"ఏంటమ్మా?"

"ఆ సుద్దతో. దేనిమీద గీశారు?"

"ముందు మీ కోటు మీదే. లోపలివైపు. మీ భుజాల కొలత గీసుకుని, గీత వెంబడి కుట్టాను."

"చెరిపేశారా?"

"లోపలివి చెరపం. పైన లైనింగు వచ్చి కప్పేస్తుంది కదా..." ఇద్దరూ మంచం మీదున్న కోటు వైపు చూశారు.

"విప్పగలరా?"

సూదక్క మెడలో తాడుకు వేలాడే చిన్న కత్తెర అందుకుంది. కోటు తిరగేసి, భుజం దగ్గర తను చేత్తో వేసిన కుట్టును ఒక్కొక్కటే తెంపి, లైనింగును జానెడు మేర ఎత్తింది. లోపల నీలం గుడ్డమీద, కుట్టు పక్కనే, సన్నటి తెల్లగీత. మెడవైపు నుంచి భుజం వాలు వెంబడి దిగి, చంక దగ్గర వంపు తిరిగింది.

టీచరమ్మ వేలు గీత మీదుగా, తాకకుండా, చివరిదాకా వెళ్ళింది.

"ఇది నా భుజమా?"

"మీదేనమ్మా. ఆయనది ఇదిగో, ఇక్కడిదాకా." పాత కుట్టు తీసిన చోట సూది రంధ్రాలు వరుసగా ఉన్నాయి. చుక్కలతో గీసిన గీతలా. వెలుతురుకు పట్టి చూపించింది.

టీచరమ్మ ఆ రెండు గీతల్నీ చాలాసేపు చూసింది. ఏడ్చింది. చప్పుడు లేకుండా, గీతమీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. సూదక్క కోటును రెండు చేతులతో వెలుతురు వైపు పట్టుకునే ఉంది. చేతులు లాగుతున్నా దించలేదు.

"కుట్టెయ్యండి," అంది టీచరమ్మ చివరికి.

సూదక్క చేతికుట్టు వేసింది. గీత చెదరకుండా లైనింగును దించి, చిన్నచిన్న కుట్లు వేస్తూ పోయింది. తప్పు చేసిన చేతికే మళ్ళీ ఈ పని దొరికింది. ఇంతకన్నా దయ ఏముంటుందని ఆమెకు అనిపించింది. అంతకంటే పెద్ద ప్రార్థన ఆ పూట ఆమెకు దొరకలేదు.

"సూది చేతిలో ఉంది కదా, పెదవులెందుకు కదుపుతున్నారు?"

సూదక్క సిగ్గుపడింది. "కుట్టేటప్పుడు ప్రార్థన చేసుకుంటానమ్మా. బట్ట ఎవరిదైతే వాళ్ళకోసం."

"ఊఁ," అంది టీచరమ్మ.

ఆదివారం పాస్టరు గారు పిలిచినప్పుడు సూదక్క తన వరసలోనే లేచి నిలబడింది, ముందుకు వెళ్ళలేదు.

"జేబుల్లో కార్డులు పెట్టాను. అందరికీ తెలుసు. పెట్టేముందు జేబులో ఏముందో చూడలేదు. ఒకమ్మ కోటు జేబులో వాళ్ళాయన సుద్దముక్క దాచుకుంది. అది తీసి వాడేసి, అక్కడ ఓదార్పు కార్డు పెట్టాను. పైగా సుద్ద దొరికినందుకు స్తోత్రం చెప్పుకున్నా. ఆమె నన్ను తిట్టలేదు. కూర్చోమంది. అదే నా సాక్ష్యం."

హల్లెలూయా అనడానికి నోరు తెరిచినవాళ్ళు మూసుకున్నారు. వెనక వరసలో, చెవులు సరిగా వినిపించని ఒక ముసలమ్మ గట్టిగా అడిగింది. "ఇంతకీ సుద్దముక్క దొరికిందా లేదా?"

"దొరికిందవ్వా. కోటు లోపలే ఉంది."

"అమ్మయ్య!" అంది ముసలమ్మ, తనదే ఏదో దొరికినట్టు. అందరూ నవ్వారు. పాస్టరు గారు మాత్రం నవ్వలేదు. తను రాసుకొచ్చిన కాగితాలు మడిచి పక్కన పెట్టి, ఆ రోజు తక్కువే మాట్లాడారు.

తర్వాత గుమ్మం దగ్గర ఆయనే వచ్చి పలకరించారు. "తొందరపెట్టింది నేనే అక్కా. ఆ కార్డుల కట్ట తిరిగిచ్చేస్తారా?"

"ఉండనివ్వండయ్యగారూ. ఎవరైనా అడిగితే ఇస్తా."

"ఎవరూ అడక్కపోతే?"

"బట్టలైతే కుట్టి ఇస్తాగా."

బడి వదిలే వేళకు ఒకరోజు టీచరమ్మ వచ్చింది. ఒంటిమీద కోటు ఉంది. కుడిచేతి అంచుకు తెల్లటి పొడి అంటి ఉంది. సూదక్క మిషను దగ్గర దుప్పటి అంచు మడిచి కుడుతోంది. పక్కన మొద్దుబారిన పెన్సిలు. కొత్త టైలరు సుద్ద కొనడానికి ఆమెకు ఇంకా మనసొప్పలేదు.

"భుజం ఎలా ఉందమ్మా? పట్టేస్తోందా?"

"లేదు. ఇవాళ బోర్డు పైవరసదాకా రాశాను." టీచరమ్మ కోటు జేబులో చెయ్యి పెట్టి, సుద్దముక్క తీసి బల్లమీద పెట్టింది. సగానికి విరిచిన కొత్త ముక్క. "పొద్దున క్లాసులో నాకు తెలియకుండానే విరిచేశాను. నాకెప్పుడూ అలవాటు లేదు. పిల్లలు కూడా చూశారు. ఒక సగంతో నేను రాశా. ఇది మీకు. మీ సుద్ద నుసైపోయిందని చెప్పారు కదా, ఆ రోజు."

సూదక్క ఆ ముక్క వైపే చూస్తూ కూర్చుంది. ముట్టుకోవడానికి భయమేసింది.

"తీసుకోవే, సుద్దముక్క కరవదు," అన్నాడు సూదక్కాయన, ఇస్త్రీపెట్టె కింద పెట్టి. మళ్ళీ టీచరమ్మతో, "ఈవిడకి మాట రాకపోవడం నా జన్మలో ఇదే చూడటమండీ. ఇంకో సగం కూడా తెచ్చుంటే నాకు ఇంకో రోజు ప్రశాంతంగా ఉండేది," అన్నాడు.

టీచరమ్మ నవ్వింది. ఈసారి నవ్వు మధ్యలో ఆగలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకు తొందరేం లేదు. ఇంటికి వెళ్ళాలని కూడా లేదు. మీరు కుట్టుకోండి."

సూదక్క సుద్దముక్క అందుకుంది. దుప్పటి అంచు మీద గీత గీసింది. కీచుమనలేదు. మెత్తగా, తెల్లగా పడింది. గుడ్డను సూది కింద పెట్టి చక్రం తిప్పింది. కాలు తన పని తను చేసుకుపోయింది. కొంతసేపు గదిలో మిషను చప్పుడు, తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె చుయ్యిమనే చప్పుడు మాత్రమే ఉన్నాయి.

"ఇప్పుడు పెదవులు కదిలాయి," అంది టీచరమ్మ. "ఏమని అన్నారు?"

కార్డులమీద ఉన్న మాటలు ఒక్కటీ సూదక్కకు గుర్తురాలేదు.

"విరిచే చెయ్యి మీవారికిచ్చినందుకు, ఈ సగం ముక్క నాదాకా తెచ్చినందుకు థాంక్స్ చెప్పానమ్మా."

టీచరమ్మ కోటు భుజం మీద, కుట్టు ఉన్నచోట, అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఎవరికి?" అని అడిగింది.

సూదక్క మిషను ఆపింది. పెదవుల మధ్యనున్న సూదిని తీసి, గుడ్డకు గుచ్చి, తను కూర్చున్న స్టూలును ఆమెవైపు తిప్పుకుంది.